అరిగిన ముల్లు

ఆ పెద్దాయన రివాల్వరు చేతిలోకి తీసుకున్నాడు గానీ, ట్రిగ్గరు నొక్కలేదు.

అందరూ చేసే మొదటి పని అదే. అద్దాల బీరువాలోంచి తీసి ఇవ్వగానే ఎంత పెద్దమనిషైనా గోడ గడియారానికి గురిపెట్టి ఒకసారి టిక్కుమనిపిస్తాడు. ఈయన ముందు చక్రం తెరిచి ఆరు గదులూ ఖాళీగా ఉన్నాయని చూసుకున్నాడు. తర్వాత వెనకనున్న సుత్తిని బొటనవేలితో సగం దాకా లాగి, అదే వేలితో మెల్లగా దింపాడు.

సరుకు తెలిసినవాడే అనుకున్నాడు పాత సామాన్ల వ్యాపారి. అతని లెక్కలో తెలిసినవాడంటే బేరానికి చేటు.

పైగా కొట్లోకి వచ్చిన మనిషిని చెప్పులు చూసి అంచనా కట్టడం అతని అలవాటు. ఈయన చెప్పులు రెండు చోట్ల కుట్టినవి. కొనే రకం కాదు.

అయినా నోరు ఊరుకోదు కదా.

"నూరేళ్ల సరుకు పెద్దాయనా. పిడి చెక్క అసలుదే. పైన నీలం పూత కూడా చాలావరకు నిలిచింది. సుత్తి కొసన ముల్లొక్కటే కాస్త అరిగింది."

పెద్దాయన జేబులోంచి భూతద్దం తీశాడు.

"అరగలేదు బాబూ. ఇవి ఆకురాయి గీతలు. ముల్లు పొట్టిదైతే తూటాని తాకదు. తాకకపోతే పేలదు."

"అరిగినా, అరగదీసినా లోపం లోపమే. మెకానిక్కుకి చెప్పాను, లోహం అతికించి సరిచేస్తాడు."

భూతద్దం పట్టుకున్న చెయ్యి ఆగింది.

"ఆ పని చెయ్యకండి."

"ఏం?"

"అది లోపం కాదు. దాని గుణం."

"గుణం అల్లుణ్ణి తెచ్చుకునేటప్పుడు చూస్తారు పెద్దాయనా. నా దగ్గరికొచ్చేవాళ్లు చూసేది కండిషను."

ఆయన నవ్వలేదు.

"ఇది పాత మిల్లుది కదూ?"

"అవును. స్టోరు ఖాళీ చేస్తుంటే తెచ్చాను. మిగతావి తుక్కులో పోయాయి."

"అయిదూ?"

"అయిదూ."

ఆయన తువ్వాలు కొసతో రివాల్వరు తుడిచి బల్లమీద పెట్టాడు.

"శుక్రవారం దాకా దీన్ని ఇలాగే ఉంచగలరా? పక్క ఊరినుంచి మా అమ్మాయిని తీసుకొస్తాను. ఒక్కసారి కంటితో చూస్తే చాలు. నోటితో చెబితే ఇన్నాళ్లూ ఎవరూ నమ్మలేదు."

ఏది నమ్మలేదని వ్యాపారి అడగలేదు. అడిగితే కథ మొదలవుతుంది. కథ మొదలైతే గంట పోతుంది, చివర్లో ధర తగ్గించమంటారు.

"అలాగే," అన్నాడు. మాటకి ఖర్చేముంది.

మధ్యాహ్నం భోజనం దగ్గర తల్లి అడిగింది. కొట్లో గడియారాలకి కీ ఇచ్చే పని ఆవిడదే. కంటి ఆపరేషనై ఆ వారం ఇంట్లో ఉంది.

"ఆ మిల్లు తుపాకి ఇంకా ఉందిరా?"

"ఉంది. అమ్ముడుపోయేలోపు వచ్చి ఒకసారి చూడరాదూ?"

"నేను చూసేదేముంది. అది నన్ను చూసింది, చాలదూ?"

మిల్లు సమ్మె నాటి మాట అది. చంకలో ఏడాది బిడ్డతో ఆవిడ గేటు ముందు మొదటి వరసలో నిలబడింది. ఆరుగురు కాపలావాళ్లు ఆరు రివాల్వర్లు ఎత్తి నొక్కారు. ఆరూ టిక్కుమన్నాయి. ఒక్కటీ పేలలేదు.

"దేవుడు," అనేది తల్లి.

"తేమ పట్టిన తూటాలు. పిసినారి మిల్లు," అనేవాడు కొడుకు. ఒకసారి తేలిపోయిన లెక్కని మళ్లీ కూడి చూసే అలవాటు అతనికి లేదు.

బుధవారం ఫోను వచ్చింది. పాత తుపాకులు సేకరించే ఆయన, మర్నాడే వస్తానన్నాడు. ఒక పక్క కొనే మనిషి, ఒక పక్క ఊరికే చూసే మనిషి. సాయంత్రానికల్లా ముల్లు కొత్తగా మెరిసింది.

గురువారం ఆ కొనే ఆయన గోడ గడియారానికి గురిపెట్టి టిక్కుమనిపించి, "భేషుగ్గా ఉంది. శనివారం పట్టుకెళ్తాను," అన్నాడు.

శుక్రవారం పెద్దాయన వచ్చాడు. వెంట సగం జుట్టు నెరిసిన కూతురు. ఆయన చొక్కా ఇస్త్రీ చేసి ఉంది.

భూతద్దం తీసి ముల్లు మీద పెట్టాడు. కూతురు వంగి చూసింది.

"ఏది నాన్నా?"

ఆయన భూతద్దం తుడిచి జేబులో పెట్టుకున్నాడు.

"మీ మెకానిక్కు మంచి పనివాడు," అన్నాడు వ్యాపారితో. "అతుకే తెలియడం లేదు."

"ఏదో చూపిస్తానన్నావు నాన్నా?"

"ఏం లేదమ్మా. పద, బస్సు వేళైంది."

"అది కాదు పెద్దాయనా, కొనేవాళ్లు తొందరపడి..." అని వ్యాపారి అంటుండగానే ఇద్దరూ మెట్లు దిగారు.

కొట్టు వెనక గడియారం కీ తిరగడం ఆగింది. తల్లి ఆ రోజే మళ్లీ కొట్టుకొచ్చింది. నల్లద్దాలు తీసి, గుమ్మం దాకా వచ్చి, వీధిలో ఆయన నడకని చూసింది.

"ఆయనెందుకొచ్చాడురా?"

"ఆ ముల్లు చూడ్డానికమ్మా. పేలకుండా ఎవరో ఆకురాయితో అరగదీశారట. ఆయన నీకు తెలుసా?"

తల్లి చేతిలోని కీ బల్లమీద పెట్టింది.

"మిల్లులో తుపాకులు తుడిచే మనిషిరా ఆయన, సమ్మె అయ్యాక మమ్మల్నందరినీ పనిలోకి తీసుకుని ఆయన్నొక్కణ్ణే గెంటేస్తే, ఎందుకని అడక్కుండా, కంపెనీ కుక్క అంటూ గేటు దగ్గర మొహాన ఉమ్మినవాళ్లలో, నిన్ను చంకనేసుకుని, నేనూ ఉన్నాను."