దగ్గు పోయిన పెద్దాయన

సొంతింట్లోకి రావడం కూడా ఈ రోజుల్లో పెద్ద తలనొప్పి అయిపోయిందండీ. మా ఎదురు ఫ్లాటు తాతగారు సాయిచరణ్ గారినే చూడండి.

ముప్పై ఏళ్లపాటు ఆయన లిఫ్టు దగ్గరే ఖళ్లుమని దగ్గేవారు. ఆ దగ్గు వినగానే ఇంట్లో టీవీ ఆగేది, మనవలు పుస్తకాలు తెరిచేవారు, భార్య హారికమ్మ కాఫీకి పాలు పెట్టేది.

ఆర్నెల్ల కిందట అందరిళ్లలోలాగే వాళ్ల గుమ్మం పక్కనా గోడలో బిగించే వైద్యం మిషను, గోడడాక్టరు, వెలిసింది. దగ్గు వింది, "పాత ఉబ్బసం" అంది, మందు ఆవిరి వదిలింది. పది రోజుల్లో ఆయనకి పసిపిల్లాడి ఊపిరితిత్తులు వచ్చేశాయి.

అప్పట్నుంచి ఆయన ఇంటికొచ్చినట్టు ఎవరికీ తెలియట్లేదు. నిన్న సాయంత్రం ఆయన గుమ్మంలో నిలబడి చూస్తే, చిన్న మనవడు ఆయనలాగే దగ్గి చూపిస్తున్నాడు, కోడలు చప్పట్లు కొడుతోంది. ఉండబట్టలేక ఆయనా గట్టిగా దగ్గారు.

"ఊపిరితిత్తులు శుభ్రం. ఇది ఉత్తుత్తి దగ్గు," అంది గోడ, ఇల్లంతా వినపడేలా. అందరూ పడీపడీ నవ్వారు.

హారికమ్మ మాత్రం గబగబా వంటింట్లోకి వెళ్లి పాలు పెట్టింది. "దొంగదగ్గయినా సరే, రోజూ దగ్గండీ. అది వినపడకపోతే నాకు సాయంత్రమే అవ్వట్లేదు," అంది.

ఆ మాటకి ఆయన ముచ్చటపడి మళ్లీ దగ్గారు.

"మూడోసారి దగ్గితే పిచ్చాసుపత్రికి కబురు పెడతాను," అంది గోడ.

ఇవాళ సాయంత్రం ఆయన ఇంటికెలా రావాలి? లిఫ్టు దగ్గరే నిలబడి ఉన్నారు. ఎవరికైనా తోస్తే కాస్త తొందరగా చెప్పండి బాబూ, లోపల పాలు పొయ్యెక్కలేదు.