గిజిగాడి గూటిలో వంకర పోచ

ముసలి గిజిగాడి గూడు బొమ్మను ఎదుటి చెట్టు మీద తమ వెలుగులతో అడవికంతా చూపిస్తామని మిణుగురులు అనుమతి అడగడానికి వచ్చాయి.

"చూపించుకోండి," అన్నాడు గిజిగాడు.

"గుమ్మం దగ్గర పోచ వంకరగా ఉంది తాతా. మా బొమ్మలో దాన్ని సరిచేస్తాంలే," అంది పెద్ద మిణుగురు.

గిజిగాడి ఈకలు నిక్కబొడుచుకున్నాయి. "అలాగైతే వద్దే వద్దు! గూడు సగం అల్లి, రెక్కలు కొట్టుకుంటూ మీ అవ్వను పిలిచాను. గట్టిదో కాదో అని ఆ పోచను ముక్కుతో లాగి చూశాకే లోపలికొచ్చింది. ఉన్నది ఉన్నట్టు చూపిస్తేనే ఒప్పుకుంటా."

మిణుగురులు సరేనన్నాయి.

చీకటి పడగానే చెట్టు మీద గూడు వెలిగింది. అడవంతా ఆహా అంది. గిజిగాడు మాత్రం ఆ వంకర పోచనే చూస్తూ కూర్చున్నాడు. అవ్వ పోయి ఎన్నేళ్లయినా, తనకు తెలియకుండానే రెక్కలు కొట్టుకున్నాడు.