ఆరోసారి ఇన్‌స్టాల్

"మళ్ళీ పోయిందండీ, ఏసుదాసు గారూ," అన్నారు ఫోన్లో సూర్యకుమారి గారు.

ఏసుదాసు ఫోను స్పీకర్లో పెట్టి కుర్చీ ముందుకి లాక్కున్నాడు. రాజోలు బస్టాండు పక్క సందులో కంప్యూటర్లు బాగుచేసే కొట్టు అతనిది. వారంగా సాయంత్రం అయిదున్నరకి ఈ ఫోను వస్తోంది.

"ఏమని చూపిస్తోందండీ?"

"లైబ్రరీ కనపడలేదంటోంది. నిన్న మీరు పెట్టినప్పుడు చక్కగా నడిచింది. పొద్దున్న తెరిస్తే లేదు. అప్పుడే చెబుదామనుకున్నాను గానీ, మీ కొట్లో రద్దీ ఉంటుందని ఆగేను. నేనేం ముట్టుకోలేదండీ. అంటే, ముట్టుకోలేదనే అనుకుంటున్నాను."

"పర్లేదు మేడం. చూస్తానుండండి."

పక్క జిరాక్సు కొట్టు వెంకన్న గుమ్మంలోంచి తల పెట్టాడు. ఏసుదాసు ఫోనుకి చెయ్యి అడ్డం పెట్టాడు.

"సఖినేటిపల్లి మేడమేనా? ఎన్నోసారిరా?"

"ఆరు."

"కావాలనే పోగొడుతుందిరా ఆవిడ. పెళ్ళీ పెటాకులూ లేని మనిషి. రిటైరయ్యాక పలకరించే దిక్కు లేదు. గంటసేపు కబుర్లకి నువ్వు దొరికేవు."

"అలా అనకు. పెద్దావిడ."

"నీ ఓపికకి దండం పెట్టాలి," అని వెంకన్న నవ్వుకుంటూ పోయాడు.

ఏసుదాసు నెట్టు మీదుగా తన తెర మీదకి ఆవిడ కంప్యూటరుని తెచ్చుకున్నాడు. ఆర్ అని, ఒక్క అక్షరమే దాని పేరు. వేల అంకెలు పోసినా లెక్కలు తేల్చి గ్రాఫులు గీసిపెడుతుంది. దాని సరంజామా అంతా లైబ్రరీ అనే ఫోల్డర్లో ఉంటుంది. అది లేకపోతే ఇంజను తీసేసిన పడవే. మళ్ళీ మొదట్నుంచీ దించడం మొదలుపెట్టాడు. ఆవిడ ఊళ్ళో నెట్టు నడిచే నడకకి గంట పడుతుంది.

సూర్యకుమారి గారు కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్పి రిటైరయ్యేరు. తొమ్మిదేళ్ళుగా చుట్టుపక్కల ఊళ్ళ బావుల్లో నీళ్ళు తెప్పించుకుని, ఉప్పెంతుందో నెలనెలా రాసుకున్నారు. రొయ్యల చెరువులు తవ్వేక బావులు ఎలా మారేయో లెక్కతో చూపించాలని ఆవిడ పట్టుదల. అధికారులకి ఆ కాగితాలు పంపడానికి రేపటితో గడువు.

"అది దిగేలోపు ఊరికే కూచోడం ఎందుకండీ," అన్నారావిడ. "నిన్న పాఠం ఎక్కడ ఆపేం?"

"సగటు దగ్గరండి."

"ఆయ్. పది బావులున్నాయనుకోండి. తొమ్మిదింట్లో తియ్యటి నీళ్ళు. ఒకదాన్లో సముద్రం. సగటు తీస్తే పదీ ఉప్పన్నట్టే వస్తుంది. అందుకని వరసలో నిలబెట్టి, మధ్యలో ఉన్నదేదో చూడాలి."

ఏసుదాసు సొరుగులోంచి నోటు పుస్తకం తీశాడు.

"అంటే, ఒకడి ఉప్పు అందరి నెత్తినా పడకూడదనండి."

ఫోన్లో చిన్నగా నవ్వు. "ముప్పై మూడేళ్ళు చెప్పేను. ఒక్క స్టూడెంటూ ఇంత బాగా చెప్పలేదండీ."

ఆ ముక్క పుస్తకంలో రాసుకుంటూ అతను తల ఎత్తలేదు.

తొమ్మిదో తరగతిలో లెక్క తప్పిందని బెంచీ ఎక్కించి, "మీ అన్నల పరువు తియ్యడానికి పుట్టేవురా" అన్నాడు మాస్టారు. ఆ మర్నాటి నుంచీ ఏసుదాసు బడి గుమ్మం తొక్కలేదు. అన్నలిద్దరూ టీచర్లయ్యేరు. వదినలూ టీచర్లే. క్రిస్మస్‌కి అందరూ చేరితే ఇతన్ని పిలిచేది ప్రింటరు చూడమనడానికే. కోనసీమలో కుక్కని కూడా అండీ అంటారని బయటివాళ్ళు హాస్యమాడతారు. ఏసుదాసుకి దక్కే అండీలు మాత్రం మిషను బాగయ్యేదాకానే. బాగయ్యాక, "ఏరా, ఎంతయింది?"

"ఏసుదాసు గారూ, ఒక మాట అడగనా?"

"చెప్పండి."

"మొన్న పొయ్యి మీద పాలు పెట్టి మర్చిపోయేను. గిన్నె మాడిపోయింది. మా అమ్మకి కూడా ఈ వయసులోనే మొదలైందండీ మరుపు. చివరికి నన్నే, ఎవరమ్మా నువ్వు అని అడిగింది. ఈ ఫోల్డరు కూడా నేనే తీసేసి మర్చిపోతున్నానేమోనని భయంగా ఉంది."

ఏసుదాసు చేతులు మీటల మీద ఆగిపోయేయి.

"అలాంటిదేం లేదండీ."

"మొహమాటానికి అంటున్నారు."

"కాదండీ. మీ బుర్ర చక్కగా ఉంది. నాకు తెలుసండీ."

ఆవిడ బరువుగా ఊపిరి వదిలారు. "మీరన్నారు, చాలు."

ఏడు కావస్తుండగా దిగడం పూర్తయింది. ఏసుదాసు ఒక ఊరి అంకెలు పోసి చూశాడు. తెర మీద ఒక గీత ఎడమ నుంచి కుడికి, ఏడాదికేడాదీ పైకి పాకింది.

"వచ్చిందండీ," అన్నారావిడ. గొంతు ఇరవై ఏళ్ళు వెనక్కి పోయింది. "చూడండి, ఎలా ఎక్కుతోందో. రేపు పొద్దున్న మిగతా ఊళ్ళవి కూడా గీసి పంపేస్తాను. దాంతో ఈ పని అయిపోయినట్టే. ఇహ మిమ్మల్ని విసిగించనులెండి."

"విసుగేముందండీ."

"మీ మంచితనం. రేపట్నుంచి ఈ వేళకి మీ ఇంటికి మీరు హాయిగా వెళ్ళొచ్చు."

ఇల్లంటే కొట్టు మీది గది. అందులో ఒక మంచం, పొద్దుటి అన్నం గిన్నె.

"నాకు కళ్ళు లాగుతున్నాయండీ. ఇక లేస్తాను. అన్నీ మూసి, కంప్యూటరు మీరే ఆపెయ్యండి."

"ఆయ్, మేడం."

"ఉంటానండీ, ఏసుదాసు గారూ."

ఫోను పెట్టేసిన చప్పుడు అయింది. ఏసుదాసు పుస్తకం మూసి సొరుగులో పెట్టాడు. తెర మీద గీత ఇంకా అలాగే ఉంది. దానికేసి కాసేపు చూశాడు. గ్రాఫు మూశాడు. ఆర్ మూశాడు.

తర్వాత, రోజూలాగే, లైబ్రరీ ఫోల్డరు చెరిపేశాడు.