ఇంజను కింది రబ్బర్లు

"క్లచ్ తొక్కడం రాక మీ నాన్నగారి కారును వణికించేస్తున్నావు" అని మా ఆయన అన్న రోజే తాళాలు ఆయనకిచ్చేశాను. ఆరేళ్లయింది.

ఈరోజు నేను పిలిపించిన మెకానిక్ జాకీతో ఇంజనును కాస్త లేపి, దాని కిందున్న రబ్బరు మౌంట్లు తీశాడు. అవి నిలువునా చీలిపోయి ఉన్నాయి.

"వణుకు వీటివల్లేనమ్మా. క్లచ్ భేషుగ్గా ఉంది. మౌంట్లు మార్చమని సారుకు అప్పుడే చెప్పానుగా!"

"ఎప్పుడు?"

"ఈ టైర్లు వేసినరోజు."

కారు ఖర్చులు, రిపేర్లు తేదీలవారీగా రాసుకున్న పుస్తకం తెరిచాను. టైర్లు వేసిన మర్నాడే, నా అక్షరాలతో: "ఇక నేను నడపను."

కొత్త మౌంట్లు బిగించాక స్టార్ట్ చేస్తే ఇంజను వణకలేదు. ఆ చప్పుడు విని మా ఆయన బయటికొచ్చారు.

"అబ్బ, ఎంత నెమ్మదిగా ఉందో! తాళాలిలా ఇవ్వవోయ్."

నా వైపు చాపిన ఆయన చేతిలో పాత రబ్బర్లు పెట్టి, నేను స్టీరింగు ముందు కూర్చున్నాను.