గోడకు రెండో స్టాండు

"ఒకటి కాదు సాయిబూ, రెండియ్యి. రెండూ విడివిడిగా ఉండాలి," అంది చెన్నమ్మ.

మాచర్ల బజారులో గులాం మొహిద్దీన్ కొట్టు ముందు నిలబడ్డ కోడలు ఆరోగ్యమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. చంకలో పసిపిల్ల నిద్రపోతోంది కాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే అత్తగారిని అక్కడే దులిపేసేది.

కొత్త బాత్‌రూమ్‌లో మొగుడు చిన్నకోటయ్య సరదాపడి షవరు పెట్టించాడు. సబ్బూ, షాంపూ సీసా, పీచూ పెట్టుకోవడానికి గోడకు స్టాండు కావాలని వచ్చారు. ఆరోగ్యమ్మ అప్పటికే స్టీలు తీగతో చేసిన రెండరల స్టాండు ఎంచి, ఊపి చూసి, పక్కన పెట్టుకుంది కూడా.

"దీనికి రెండు అరలున్నయ్ గదత్తయ్యా. పైది మీరు తీసుకోండి, కిందిది మేం వాడుకుంటాం."

"పై సబ్బు నీళ్ళు కింది సబ్బు మీద కారతయ్. అట్టా కలవకూడదు."

"కలిస్తే ఏమవుద్ది?"

"నాకు వేరే కావాలన్నానా లేదా?"

గులాం మొహిద్దీన్ ఇద్దరి మొహాలూ చూసి, "తుప్పు పట్టకుండా ప్లాస్టిక్‌ది ఉందమ్మా, పెద్దామెకి అదిస్తా," అని ఎర్రది ఒకటి తీశాడు. కొట్లో ఉన్న ఇద్దరు ఆడవాళ్ళు ఆరోగ్యమ్మ మెళ్ళోని సిలువ వైపు చూసి, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆరోగ్యమ్మకు తల కొట్టేసినట్టయింది.

క్రోసూరు పేతురు కూతురు ఆరోగ్యమ్మను చిన్నకోటయ్య ఇష్టపడి చేసుకున్నాడు. కులం వేరు, దేవుడు వేరు. అప్పట్లో చుట్టాలంతా నానా మాటలన్నారు. చెన్నమ్మ మాత్రం ఎవర్నీ లెక్కచేయకుండా, కోడల్ని పక్కన కూర్చోబెట్టుకుని తన కంచంలోంచే ముద్దలు పెట్టింది. అలాంటి మనిషి, పిల్లకు చర్చిలో జ్ఞానస్నానం ఇప్పించిన దగ్గర్నుంచీ మారిపోయింది. కంచం వేరు చేసుకుంది. గ్లాసు వేరు చేసుకుంది. వంటింట్లోకి రావడం మానేసింది. మనవరాలు చేతులు చాపినా ఎత్తుకోవడం లేదు. ఇప్పుడిక సబ్బు కూడా.

ఇంటికి రాగానే చిన్నకోటయ్య సుత్తీ, ఉలీ తీశాడు. బాత్‌రూమ్ గోడలు నాపరాళ్ళవి. గట్టిగా కొడితే పలక నిలువునా చీలుతుంది. రాయి తడిపి, ఉలి తిప్పుకుంటూ మెల్లగా బెజ్జం చేసి, అందులో కొయ్యముక్క దిగ్గొట్టి, దానికి స్క్రూ బిగించాలి. క్వారీలో రాళ్ళతో కాపురం చేసే మనిషి కాబట్టి స్టీలు స్టాండు షవరు పక్కన చక్కగా కూర్చుంది.

"నీది గూడా దీని పక్కనే కొడతానమ్మా."

"వద్దురా. అవతలి గోడకు, కింద, తూము దగ్గర కొట్టు. చెంబుతో పోసుకునేదాన్ని, నాకెందుకు షవరు?"

"అంత దూరమేందే? ఇదేమన్నా పొలం గట్టు తగాదానా?"

"చెప్పింది చెయ్యరా!"

కోపంలో సుత్తి కాస్త గట్టిగా పడింది. పలక అంచు పెచ్చు లేచి కింద పడింది. "మీ ఇద్దరి మధ్యా నన్ను చంపండి!" అని అరుస్తూనే తూము దగ్గరే పక్క పలకకు ఎర్ర స్టాండు బిగించాడు చిన్నకోటయ్య. అందులో చెన్నమ్మ తన సబ్బు పెట్టుకుని వెళ్ళింది.

ఆరోగ్యమ్మ మొగుణ్ణి గుమ్మంలోనే ఆపింది. "ఇయ్యాల ఇది తేలాల. లేకపోతే సాయంత్రం బస్సుకి పిల్లనేసుకుని క్రోసూరు పోతా. మళ్ళా రాను."

"నేనడిగితే నోరిప్పటంలా. నువ్వే అడుక్కో," అని చిన్నకోటయ్య చొక్కా తగిలించుకుని బయటికి పోయాడు.

అడగడమెందుకు అనుకుంది ఆరోగ్యమ్మ. పిల్లను చంకనేసుకుని బాత్‌రూమ్‌లోకి వెళ్ళి, అత్తగారు చూస్తుండగానే ఎర్ర స్టాండులో సబ్బు తీసి పిల్ల ఒంటికి రాయబోయింది.

"ఏమే! అది ముట్టుకోమాక!"

చెన్నమ్మ ఒక్క ఉదుటున వచ్చి ఆమె చేతి మీద కొట్టింది. సబ్బు జారి తూములో పడింది. పిల్ల గుక్కపట్టింది.

"ముట్టుకుంటే మైలపడుద్దా?" ఆరోగ్యమ్మ గట్టిగా అరిచింది. "మీ కంచంలోంచి ముద్ద పెట్టినప్పుడు లేని కులం ఇప్పుడొచ్చిందా? ఫాదరుగారు నెత్తిన నీళ్ళు పోస్తే నా బిడ్డ మీకు అంటరానిదైపోయిందా? దీని మొహం చూసి చెప్పండత్తయ్యా!"

"అరవమాకే. ఇరుగుపొరుగు వింటారు."

"విననీయండి!"

"వింటే ఈ ఇంట్లో మంచినీళ్ళు గూడా ఎవరూ తాగరు. నీ బిడ్డను ఎవరూ ఎత్తుకోరు."

"చూశారా, మనసులో మాట బయటికొచ్చింది! నేను పోతున్నా. మనవరాలి మొహం మళ్ళా చూడలేరు మీరు."

ఆ మాటకు చెన్నమ్మ మొహంలో నెత్తురు లేదు. గబగబా తలుపు గడియపెట్టింది. "ఆ మూలకు పోయి నిలబడు. పిల్లను నా వైపు రానీయమాక," అంది. తర్వాత రవిక చెయ్యి పైకి లాగింది. జబ్బ మీద రూపాయి బిళ్ళంత మచ్చ పాలిపోయి ఉంది.

"నరసరావుపేట డాక్టరు ఇట్టాగే చూసి, పెద్దరోగమన్నాడు. కోటయ్యకు చెప్పమాక," అని గాజుకున్న పిన్నీసు ఊడదీసి, ఆ మచ్చలోకి కసుక్కున గుచ్చుకుంది.

నెత్తురు చుక్క ఉబికింది. ఆరోగ్యమ్మ కెవ్వుమంది.

చెన్నమ్మకు నొప్పి తెలియలేదు.