పద్నాలుగో నంబరు ప్లేటు

పద్నాలుగో నంబరు ప్లేటు మళ్లీ నిండుగా తిరిగొచ్చింది.

హోటల్ నేలమాళిగలో ఉంది ఆ వంటగది. ప్లేట్లను పైకీ కిందికీ చేరవేసే చిన్న లిఫ్టు తలుపు తెరవగానే వంటవాడికి ఒళ్లు మండిపోయింది. వరసగా ఇది ఆరో రోజు. అన్నం ఒక్క మెతుకు కదల్లేదు. కూర పెట్టింది పెట్టినట్టే ఉంది. పైగా దాని మీద ఇంకో ప్లేటు బోర్లించి, కడిగిన చెంచా ఒకటి పెట్టి మరీ పంపారు.

“ఎంత పొగరు! నా వంట మొహం చూడ్డం కూడా ఇష్టంలేక మూతేశారు!” అంటూ అన్నమంతా చెత్తబుట్టలో కుమ్మరించాడు.

అప్పుడే లోపలికొచ్చిన టూర్ మేనేజర్ గుమ్మంలోనే ఆగాడు. “మళ్లీ ఆవిడేనా?”

“ఎవరండీ ఆ మహాతల్లి?”

“జాగ్రఫీ టీచరుగా చేసి రిటైరైందట. ఇంతకాలం మ్యాపులో చూపించిన ఊళ్లని ఇప్పుడు నాలుకతో చూస్తానంటుంది. వీధిలో బండి కనిపిస్తే చాలు, ఆగిపోతుంది. నిన్న పేరైనా తెలియనిదేదో రెండోసారి పెట్టించుకుని తింది. భాష రాకపోయినా సైగలతోనే ఎలా వండాలో కనుక్కుంది.”

వంటవాడి కోపం రెట్టింపయింది. ఊరూ పేరూ తెలియని వంట రెండుసార్లు తినే మనిషికి, తన చేతి వంట ఒక్క ముద్దకి కూడా పనికిరాలేదన్నమాట!

ఏ దేశం వెళ్లినా ఇంటి భోజనం పెడతారని ఈ టూర్లకి పేరు. అందుకే వంటవాణ్ణి వెంట తీసుకెళ్తారు. ముప్ఫై ఇద్దరు యాత్రికులు, మనిషికో నంబరు వేసిన ముప్ఫై రెండు ప్లేట్లు. మేనేజర్ సరుకులు గుప్పెడు కూడా ఎక్కువ కాకుండా కొలిచి ఇస్తాడు. యాత్రికులు ఫొటోలు దిగుతుంటే ఇతను ఉల్లిపాయలు తరుగుతుంటాడు. పదకొండు దేశాలు తిరిగి పదకొండు నేలమాళిగలు చూశాడు. గిన్నె అడుగున ఏమైనా ఉంటే సరి, లేకపోతే టీలో ముంచుకున్న రొట్టెతో సరిపెట్టుకుంటాడు. అది అలవాటైపోయింది. వండింది నలుగురూ తిన్నారన్న తృప్తి ఒక్కటే అతని సంపాదన. ఇప్పుడు దానికీ ఈవిడ ఎసరు పెట్టింది.

“చూడు గురూ, కంపెనీ నన్నంటుంది,” అన్నాడు మేనేజర్. “రేపు ఆఖరి రోజు. ఆ ప్లేటు మళ్లీ తిరిగొచ్చిందా, వచ్చే టూరుకి వేరేవాణ్ణి చూసుకుంటాను.”

మర్నాడు వంటవాడు ప్రాణం పెట్టి వండాడు. పద్నాలుగో ప్లేటులో కూర తన చేత్తోనే సర్ది పంపాడు. అరగంటకి లిఫ్టు కిందికొచ్చింది. అదే ప్లేటు, అదే మూత, అదే చెంచా.

ఇక ఆగలేకపోయాడు. ప్లేటు పట్టుకుని మెట్లన్నీ ఒక్క ఊపులో ఎక్కేశాడు. భోజనాల హాల్లో టీచరమ్మ సంచీ తగిలించుకుని బయటికి బయల్దేరుతోంది.

“ఏమ్మా, నేనేం పాపం చేశాను? ఉప్పెక్కువైందా, కారం తక్కువైందా? ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుని ఆ తర్వాత తిట్టండి, పడతాను! ఈ ఆరు రోజులూ మీ ప్లేటు చెత్తబుట్టలో పారేస్తుంటే నా కడుపెంత రగిలిపోయిందో తెలుసా? ఇవాళ నా ఉద్యోగమే పోయింది!”

ఆవిడ మొహం పాలిపోయింది. “చెత్తబుట్టలోనా? రోజూనా?”

“మరి నెత్తిన పెట్టుకోమంటారా?”

ఆవిడ ఆ ప్లేటు వంక, లోపలికి పీక్కుపోయిన అతని బుగ్గల వంక చూసింది. “మొదటి రోజే మీ మేనేజర్ని అడిగాను నాయనా.”

“ఏమని? ఇంతకన్నా మంచి వంటవాడు దొరకలేదా అనా?”

“నువ్వెప్పుడు తింటావని.”

ఆవిడ మూత మీది చెంచా తీసి అతని చేతికిచ్చింది.

“నీకు వేరే ప్లేటు లేదన్నాడు, అందుకే నాది పంపాను.”