కారు చెప్పిన చాడీ

"దయచేసి ముందుకు చూడండి," అంది కారు.

స్టీరింగు పక్కన పళ్లెమంత తెర మీద ఎర్రటి కన్ను బొమ్మ టపటపా కొట్టుకుంది. ఎడమ పక్కకి తిరిగిన మెడని డ్రైవరు గబుక్కున ముందుకు తిప్పుకున్నాడు. పక్క సీట్లో ఉన్న భార్య అప్పటికే కిటికీలోంచి చూసేసింది. టైలర్ షాపు. మెట్టు మీద పచ్చచీర కట్టుకున్న టైలరమ్మ.

"ఎవరావిడ?"

"ఎవరు?"

"అబ్బో! అంతసేపు చూసి, ఎవరని నన్నే అడుగుతున్నారా?"

"నేను చూసింది రోడ్డునే. ఆ సందులోంచి బళ్లొస్తాయి."

"రోడ్డు చూస్తే, ముందుకు చూడమని అదెందుకంటుంది?"

టాక్సీ కొత్తది. తెర పైన బుల్లి కెమెరా ఒకటి డ్రైవరు మొహాన్నే కనిపెట్టుకుని ఉంటుంది. చూపు కాస్త పక్కకి మళ్లితే చాలు, గోల. దారి చూసుకుందామని ఆ తెర వంక చూసినా గోలే, అదో విడ్డూరం.

రోజూ మొగుడి కార్లో దర్జాగా ఆఫీసు ముందు దిగడం ఆమెకి మహా ముచ్చట. ఈమధ్య ఆ ముచ్చట కాస్తా ఆవిరైపోయింది. నిన్న మందుల షాపు దగ్గర కారు అరిచింది, కౌంటర్లో చక్కటి చుక్కలాంటి పిల్ల. మొన్న పూలకొట్టు దగ్గర. ఎప్పుడూ ఎడమ పక్కే! కుడి పక్కకి ఒక్కసారీ అరవలేదు. అరవడానికి అటేముందని? టైర్ల షెడ్డు, అందులో గడ్డాల మనుషులు.

సిగ్నల్ దగ్గర కారు ఆగింది. ఆమె వెనక్కి తిరిగి చూసింది.

"అదిగో, చెయ్యి కూడా ఊపుతోంది మహాతల్లి!"

అతను అటు తిరగనేలేదు. "టాక్సీ కావాలేమో."

"పెళ్లాం పక్కన కూర్చున్న టాక్సీయా? ఇందాక మెడ విరిగేలా చూసి ఇప్పుడు తిరగరేం? దొరికిపోతారని భయమా?"

"పొద్దున్నే ఏం గొడవే ఇది?"

"మీరు చెప్పకపోయినా కారు చెబుతోందిగా. మనిషైతే నా మీద జాలిపడి అబద్ధమన్నా చెప్పేది." ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇన్నేళ్ల కాపురం టైలర్ షాపు మెట్ల పాలవుతోందని దిగులు ముంచుకొచ్చింది. "నా మీద ఒట్టు. ఆఫీసు దాకా మెడ తిప్పకుండా నడపండి. నడిపితే నమ్ముతా. లేకపోతే ఇక్కడే దిగి మా అక్క ఇంటికి పోతా."

"ఒట్లెందుకే? నడపడమంటే..."

"కుదరదా? అంత చూడాలనుందా?"

అతను గట్టిగా ఊపిరి పీల్చుకున్నాడు. పచ్చలైటు పడింది. చేతులు స్టీరింగుకి బిగించి, చూపు ముందుకే పెట్టి పోనిచ్చాడు. కారు కిక్కురుమనలేదు. బస్టాపు దాటింది, చీరల కొట్టు దాటింది. ఆమె మనసు కాస్త కుదుటపడుతోంది. ఆఫీసు వీధిలోకి ఎడమకి తిప్పాడు.

"ఆపండీ!"

బ్రేకు కీచుమంది. కారు ముక్కుకి జానెడు దూరంలో స్కూటరు, దాని మీద ఒక పెద్దాయన. ఆయన బానెట్ మీద దబ్బున చరిచి, "కళ్లు నెత్తికెక్కాయా?" అని తిట్టుకుంటూ పోయాడు.

"ఎంతసేపట్నుంచో నా పక్కనే వస్తున్నాడాయన! నేను కూడా చూశాను! అంత స్కూటరు మీకు కనపళ్లేదా?"

అతను కారు పక్కకి తీసి ఇంజన్ ఆపాడు.

"ఎవరికన్నా తెలిస్తే బండి నడపనివ్వరని నీకూ చెప్పలేదే," అన్నాడు మెల్లగా. "ఎడమ కంటి చూపు పోయి కొన్నాళ్లయింది. మెడ తిప్పితే తప్ప, పక్కనున్న నువ్వు కూడా కనపడవు."